ఫైలు తెరిచి చూడండి
(కంప్యూటర్ ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన నలభై నిమిషాల్లో పది అక్కడే అయిపోతాయి. అందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఏమీ అనుకోవద్దు.

ఇవాళ్టి అంశం, స్కూలు ప్రాజెక్టుల కోసం పిల్లలకు వర్డ్ ప్రాసెసర్‌లో, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి దిద్దుకునే సాఫ్ట్‌వేర్‌లో, పై స్థాయి పనులు నేర్పడం. కాగితం మీద ఆరు విషయాలు రాసుకున్నాను: స్టైల్స్, విషయసూచిక, బొమ్మలు, పేజీ నంబర్లు, పట్టికలు, మెయిల్ మెర్జ్ (ఒకే ఉత్తరాన్ని చాలామంది పేర్లతో విడివిడిగా తయారుచేయడం). ఆరూ అవుతాయన్న నమ్మకం లేదు. ఎందుకంటే ముందు స్పేస్‌బార్ సంగతి తేల్చాలి.

ఎఫ్ఏ, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, దగ్గరపడగానే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. పిల్లవాడు చేత్తో రాసిన నాలుగు కాగితాలు పట్టుకుని నెట్ సెంటర్‌కి వెళ్తాడు. అక్కడి అబ్బాయి గంటలో టైపు కొట్టి, చుట్టూ పూల బార్డర్ పెట్టి, వర్డ్ఆర్ట్‌లో ఇంద్రధనుస్సు రంగుల్లో పేరు వేసి, కలర్ ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతాడు. మనం పేజీలు తిప్పి, నీట్‌గా ఉందని మార్కులు వేస్తాం. ఆ మార్కులు ఎవరికి పడ్డట్టు? నెట్ సెంటర్ అబ్బాయికి. అతన్ని తప్పుపట్టడం లేదు, అది అతని బతుకుతెరువు. తప్పు మనది. మనం ప్రింటు అడుగుతున్నాం, ఫైలు అడగడం లేదు.

ఫైలు అడగండి. పెన్‌డ్రైవ్‌లో తెప్పించుకుని తెరవండి. తెరిచాక ఒక్క పని చేయండి. వర్డ్ అయితే కంట్రోల్, షిఫ్ట్, 8. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ రైటర్ అయితే కంట్రోల్, ఎఫ్10. దాక్కున్న గుర్తులన్నీ బయటపడతాయి. స్పేస్ కొట్టిన చోటల్లా ఒక చుక్క, ట్యాబ్ కొట్టిన చోట బాణం, ఎంటర్ కొట్టిన చోట ఇంగ్లీషు పి అక్షరాన్ని తిరగేసినట్టుండే గుర్తు. పేరు మధ్యలోకి రావడానికి ముప్ఫై చుక్కలుంటాయి. కొత్త పేజీ కోసం పద్నాలుగు తిరగేసిన పి గుర్తులు మెట్లలా దిగుతుంటాయి. ప్రింటులో ఇవేవీ కనపడవు. అందుకే ఫైలు తెరవండి అంటున్నాను.

స్పేస్‌బార్ మీద ఇంత కక్ష దేనికని అడగొచ్చు. టైపు మిషన్ మీద ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. అక్కడ స్పేసులు లెక్కపెట్టి నిలువు వరసలు సరిచేయడం మంచి పద్ధతే. కంప్యూటర్ ఫాంటులో అలా కాదు. ‘ఘ’ వెడల్పు వేరు, ‘ర’ వెడల్పు వేరు. పిల్లవాడు ఎన్ని స్పేసులు కొట్టినా వరస ఒక వెంట్రుకవాసి అటో ఇటో ఉంటుంది. వాడు ఇంకొకటి కొడతాడు, ఒకటి చెరుపుతాడు, అరగంట అక్కడే పోతుంది. చేతకాక కాదు. ఆ పనికి స్పేస్‌బార్ పనిముట్టు కాదని వాడికెవరూ చెప్పలేదు. మధ్యలోకి తేవడానికి కంట్రోల్, ఇ. కొత్త పేజీకి కంట్రోల్, ఎంటర్. వరసలకు ట్యాబ్, లేకపోతే అంచులు కనపడని పట్టిక. మొదటి పీరియడ్ మొత్తం ఈ మూడింటికే ఇవ్వండి. తొందరేం లేదు.

ఒక ఫైలు పట్టుకుని మాట్లాడుకుందాం. తొమ్మిదో తరగతి ప్రాజెక్టు, పేరు ‘మన మండలంలో చెరువులు’. పన్నెండు పేజీలు, నాలుగు అధ్యాయాలు, ఆరు ఫొటోలు, రెండు పట్టికలు. అమ్మాయి శీర్షికలన్నీ ఒక్కొక్కటిగా సెలెక్ట్ చేసి బోల్డ్ చేసింది, సైజు 18 పెట్టింది. విషయసూచిక చేత్తో టైపు చేసింది: ‘తూములు, అలుగులు’ అని రాసి, పుల్‌స్టాప్ మీట నొక్కిపట్టి చుక్కలు పోసి, చివర 7 వేసింది. చూడముచ్చటగా ఉంది. రేపు ప్రింటు అనగా మూడో పేజీలో అలుగు ఫొటో ఒకటి చేర్చింది. అంతే. కిందిదంతా జరిగింది. ‘తూములు, అలుగులు’ ఎనిమిదో పేజీకి వెళ్లింది, సూచికలో మాత్రం ఏడే. ఒక శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలిపోయింది, దాని కింది పేరా తర్వాతి పేజీలో ఉంది. ఎంటర్లు కొట్టి దించిన చోట ఇప్పుడు పేజీ నడుమ గుంట పడింది.

స్టైల్ అంటే ఫాంటు, సైజు, రంగు లాంటివన్నీ కలిపి ఒక పేరు కింద దాచుకున్న రూపం. శీర్షికకు బోల్డ్ బదులు హెడింగ్ 1 స్టైల్, కొత్త పేజీకి ఎంటర్ల బదులు కంట్రోల్, ఎంటర్ ఇచ్చి ఉంటే ఈ బాధల్లో ఒక్కటీ ఉండేది కాదు. వర్డ్‌లో శీర్షిక వరసలో కర్సర్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, 1. రైటర్‌లో కంట్రోల్, 1. ఉపశీర్షికకు 2. ఆ స్టైల్‌లోనే ‘కీప్ విత్ నెక్స్ట్’ అనే లక్షణం ఉంటుంది కాబట్టి శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా నిలబడదు, తన పేరాతోపాటే వెళ్తుంది. రంగు మార్చాలంటే స్టైల్‌ని ఒకసారి మారిస్తే నాలుగు అధ్యాయాల శీర్షికలూ మారతాయి. సూచిక కావాలంటే వర్డ్‌లో రిఫరెన్సెస్, టేబుల్ ఆఫ్ కంటెంట్స్. రైటర్‌లో ఇన్సర్ట్ మెనూలో అదే పేరుతో ఉంటుంది. ఫొటో చేర్చాక వర్డ్‌లో సూచిక మీద ఎఫ్9 నొక్కి ‘అప్‌డేట్ ఎంటైర్ టేబుల్’ ఎంచుకోవాలి. రైటర్‌లో రైట్ క్లిక్ చేసి ‘అప్‌డేట్ ఇండెక్స్’.

ఇక్కడ పిల్లలు చేసే తప్పులు రెండు. ఒకటి, శీర్షిక కింది పేరాని కూడా కలిపి సెలెక్ట్ చేసి హెడింగ్ ఇస్తారు. పేరా పేరా సూచికలోకి ఎక్కి కూర్చుంటుంది. రెండోది, సూచికలో అక్షరదోషం కనపడితే అక్కడికక్కడే దిద్దుతారు. అప్‌డేట్ చేయగానే దోషం తిరిగి వస్తుంది. దిద్దాల్సింది అసలు శీర్షికలో.

ఇప్పుడు కాగితంలో లేని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే తెలుగు మాధ్యమం పిల్లలకు దీన్ని ఎవరూ చెప్పడం లేదు. హెడింగ్ 1 స్టైల్ తెరిచి సైజు 16 నుంచి 22 చేశారు. ఇంగ్లీషు శీర్షిక పెరిగింది, తెలుగు శీర్షిక కదల్లేదు. పిల్లవాడు మళ్లీ చేశాడు, కదల్లేదు. ఇంక స్టైల్స్ తెలుగుకి పనిచేయవని తేల్చుకుని పాత బోల్డ్‌కే వెళ్లిపోయాడు. టీచర్లు కూడా చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

జరిగింది ఇది. ఈ సాఫ్ట్‌వేర్లు తెలుగుని ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ కింద లెక్కేస్తాయి. ప్రతి స్టైల్‌లోనూ లాటిన్ లిపికి ఒక ఫాంటు, ఒక సైజు, ఒక బోల్డ్ ఉంటాయి. కాంప్లెక్స్ లిపికి వేరే ఫాంటు, వేరే సైజు, వేరే బోల్డ్. మీరు మార్చింది మొదటి అర. తెలుగు రెండో అరలో ఉంది. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగుని ఎడిటింగ్ భాషగా చేర్చండి. అప్పుడు ఫాంట్ పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే భాగం కనపడుతుంది, అక్కడ మార్చండి. రైటర్‌లో టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ పక్కన టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత ఎఫ్11 నొక్కి స్టైల్ తెరిస్తే ఫాంటు పేజీలో సీటీఎల్ అని విడిగా ఉంటుంది.

ఆ రెండో అరలో ఫాంటు పేరు స్పష్టంగా పెట్టండి. మండలి, నోటో సాన్స్ తెలుగు, నిర్మల యూఐ, ఏదో ఒకటి, కానీ ఒకటే. అక్కడ తెలుగు అక్షరాలే లేని ఫాంటు ఉంటే కంప్యూటర్ తన దగ్గరున్న ఏదో తెలుగు ఫాంటుతో సర్దుకుంటుంది. ల్యాబ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి. పన్నెండు పేజీల ప్రాజెక్టు ఇంకో చోట తెరిస్తే పద్నాలుగు కావడానికి కారణం అదే. దుకాణానికి ప్రింటుకి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపమనేది కూడా అందుకే. పీడీఎఫ్‌లో ఫాంటు ఫైలుతోపాటు వెళ్తుంది.

ఇంకొకటి, లైన్ స్పేసింగ్‌లో ‘ఎగ్జాక్ట్‌లీ’ ఎప్పుడూ పెట్టనివ్వకండి. ఇంగ్లీషుకి సరిపోయే కొలతలో తెలుగు వత్తులు తెగుతాయి. ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద ఉండాల్సినవి సగం కోసుకుపోతాయి. 1.15 అనో, ‘అట్ లీస్ట్’ అనో పెట్టుకుంటే ఆ గొడవ లేదు.

మీలో కొందరు లోపల నవ్వుకుంటున్నారు, అను, శ్రీలిపి ఫాంట్లతో ఏ గొడవా లేదు కదా అని. నిజమే, సైజు వెంటనే మారుతుంది. ఎందుకంటే డీటీపీలో వాడే ఆ పాత ఫాంట్లతో కొట్టింది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. అవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంఖ్యలు, వాటి మీద తెలుగు ముసుగు. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే ముసుగు జారిపోతుంది. ‘చెరువు’ అని వెతికితే దొరకదు. పత్రికా పేజీలకు అవి చేసిన సేవ చిన్నది కాదు, కానీ పిల్లల ప్రాజెక్టులో యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉండే పద్ధతి) తప్ప మరొకటి వద్దు.

యూనికోడ్‌లో కూడా ఒక చిక్కుంది. ‘వర్డ్‌లో’ అని కొట్టబోతే ల వచ్చి డ కింద వత్తుగా అతుక్కుని ‘వర్డ్లో’ అవుతుంది. పొల్లు గుర్తు తర్వాత, ల కొట్టకముందే, 200 వేసి పక్కనే ఇంగ్లీషు సి కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ మాయమై, కంటికి కనపడని అడ్డుగీత ఒకటి పడుతుంది. తర్వాత ల కొడితే విడిగా నిలబడుతుంది. వర్డ్‌లోనూ రైటర్‌లోనూ పనిచేస్తుంది. పిల్లలకిది గారడీలా ఉంటుంది, ఒకసారి చూపిస్తే మరిచిపోరు.

సమయం చూస్తున్నారు, తెలుసు. బొమ్మలు త్వరగా చెప్తాను. ఫోన్‌తో తీసిన ఫొటో నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పుంటుంది. ఏ4 కాగితంలో రెండు వైపులా 2.54 సెంటీమీటర్ల మార్జిన్ పోతే మిగిలేది సుమారు 16 సెంటీమీటర్లు. దానికి అంగుళానికి 220 లెక్కన 1,400 పిక్సెళ్లు చాలు. ఆరు ఫొటోలు అలాగే పెడితే ఫైలు బరువెక్కి ల్యాబ్‌లో పాత సిస్టమ్ మొరాయిస్తుంది. మూల పట్టుకుని చిన్నది చేస్తే బరువు తగ్గదు, కంటికి చిన్నగా కనపడుతుంది అంతే. ఫొటో మీద క్లిక్ చేసి కంప్రెస్ పిక్చర్స్‌కి వెళ్లాలి, ‘అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్’ టిక్ తీసేయాలి. రైటర్‌లో రైట్ క్లిక్, కంప్రెస్.

ఫొటో పేజీలో పరుగులు పెడుతోందంటే వర్డ్‌లో ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’, రైటర్‌లో యాంకర్ ‘యాజ్ క్యారెక్టర్’. ఫొటోని పెద్ద అక్షరంలా చూస్తుంది, చెప్పిన చోటే ఉంటుంది. చుట్టూ అక్షరాలు పారే అలంకారం తొమ్మిదో తరగతికి అక్కర్లేదు. కింద పేరు చేత్తో రాయించొద్దు, ఇన్సర్ట్ క్యాప్షన్ వాడించండి. ‘న్యూ లేబుల్’లో ‘చిత్రం’ అని ఒకసారి కొడితే నంబర్లు అదే వేసుకుంటుంది. ‘చిత్రం 3 చూడండి’ అని రాయాల్సిన చోట క్రాస్ రిఫరెన్స్ పెడితే, మధ్యలో ఫొటో చేర్చాక కంట్రోల్, ఎ, తర్వాత ఎఫ్9తో అది చిత్రం 4 అవుతుంది. ఆ చిత్రాన్ని క్యాప్షన్‌తో సహా తీసేసి ఎఫ్9 నొక్కితే మాత్రం ‘ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్’ అని వచ్చి, అలాగే ప్రింటవుతుంది. ప్రింటుకి ముందు ‘ఎర్రర్’ అనే ఇంగ్లీషు మాట వెతికించండి.

పేజీ నంబర్లకు వర్డ్‌లో ఒక్క వరస గుర్తుంచుకోండి. అట్ట పేజీ చివర ఫైలుని రెండు భాగాలు చేసే సెక్షన్ బ్రేక్ ‘నెక్స్ట్ పేజ్’, తర్వాత రెండో సెక్షన్ ఫుటర్‌లో (పేజీ అడుగు అంచులో) ‘లింక్ టు ప్రీవియస్’ తీసేయడం, ఆ తర్వాతే నంబరు వేసి 1 నుంచి మొదలుపెట్టడం. లింకు తీయకుండా నంబరు వేసి, అట్ట మీద కనపడిందని చెరిపితే అన్ని పేజీల్లోనూ చెరిగిపోతుంది. పిల్లలు ఏడుపు మొహం పెట్టేది ఇక్కడే.

మెయిల్ మెర్జ్ వదిలేస్తున్నాను. సీబీఎస్ఈ పదో తరగతి ఐటీలో, 402 కోడ్, ‘డిజిటల్ డాక్యుమెంటేషన్ అడ్వాన్స్‌డ్’ అని ఒక యూనిట్ ఉంది. స్టైల్స్, బొమ్మలు, టెంప్లేట్లు, సూచిక అందులోనే. మంచిదే. కానీ స్టైల్ అంటే ఏమిటి అన్న రెండు మార్కుల ప్రశ్నకు జవాబు బట్టీ పట్టిన పిల్ల, తన ప్రాజెక్టులో శీర్షికకి బోల్డ్ కొడుతుంటే ఆ యూనిట్ అయినట్టా, కానట్టా? మీరే చెప్పండి.

అందుకే మార్కుల దగ్గర గట్టిగా ఉండమంటున్నాను. మీ చేతిలో ఉన్న ప్రాజెక్టు మార్కుల్లో ఒకటి ఫైలుకి పెట్టండి. వర్డ్‌లో వ్యూలోకి వెళ్లి ‘నావిగేషన్ పేన్’ టిక్ పెట్టి ‘హెడింగ్స్’ ఎంచుకుంటే, రైటర్‌లో ఎఫ్5 నొక్కితే పక్కన శీర్షికల జాబితా రావాలి. వస్తే మార్కు, రాకపోతే లేదు. నలభై ఫైళ్లు చూడటానికి ఒక పీరియడ్ సరిపోతుంది. బార్డర్‌కి మార్కు ఇవ్వకండి. దండం పెట్టి అడుగుతున్నాను, పూల బార్డర్‌కి మార్కు ఇవ్వకండి.

పట్టికలు మిగిలాయి, అవి ల్యాబ్‌లో చూద్దాం. అక్కడ డెస్క్‌టాప్ మీద ‘చెరువులు’ అని ఒక ఫైలుంది. కావాలని పాడుచేసి పెట్టాం: స్పేసులు, ఎంటర్లు, చేత్తో రాసిన సూచిక, బరువైన ఫొటోలు, అన్నీ ఉన్నాయి. పిల్లలకు కూడా ఖాళీ పేజీ ఇవ్వకుండా ఇలాంటిదే ఇవ్వండి, టైపు చేయడంలో పీరియడ్ పోదు. సిస్టమ్‌లు తక్కువ, ఇద్దరిద్దరు కూర్చోండి. మౌస్ ఒకరు, కీబోర్డు ఒకరు, పదిహేను నిమిషాలకు మారండి. ముందు గుర్తులు కనపడేలా చేసుకుని, మొదటి పేజీలో చుక్కలు లెక్కపెట్టండి.