మోయాబు నుంచి తిరిగి వచ్చిన తల్లి

శ్రోతలందరికీ వందనాలు. ఇంట్లో ఒక మనిషి లేకుండా పోయిన తరువాత వచ్చే రోజుల గురించి ఈ పూట మాట్లాడదలిచాను. భూస్థాపన జరిగిపోయి, బంధువులు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయి, ఆదరణ కూడిక కూడా ముగిసి, అద్దెకు తెచ్చిన షామియానా, కుర్చీలు బండి మీద తరలిపోయాక మిగిలే రోజులవి. ఏళ్ల తరబడి విశ్వాసంలో ఉన్నవారికి సైతం అప్పుడు ప్రార్థన నోటికి రాదు. దేవుడు నాకే ఎందుకిలా చేశాడన్న మాట గొంతు దాకా వస్తుంది గాని, పైకి అంటే పాపమవుతుందేమోనన్న భయంతో అక్కడే ఆగిపోతుంది. ఆ మాటను ఊరి ఆడవాళ్లందరి ముందూ నిలబడి అనేసిన ఒక తల్లి బైబిలులో ఉంది. ఆమె పేరు నయోమి.

రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. కోడలి పేరు మీద ఉన్న గ్రంథమే అయినా అందులోని శోకం అత్తది. బేత్లెహేములో కరువు వచ్చినప్పుడు ఎలీమెలెకు అనే అతను భార్య నయోమిని, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మోయాబు దేశానికి వలస వెళ్లాడు. పాలమూరు నుంచి ముంబయికి, కరీంనగర్, నిజామాబాదు పల్లెల నుంచి గల్ఫ్‌కు బతుకుదెరువు వెతుక్కుంటూ వెళ్లినవారి ఇళ్లలో ఈ కథకు వివరణ అక్కరలేదు. వెళ్లినచోట ముందు భర్త చనిపోయాడు. కొడుకులు మహ్లోను, కిల్యోను ఆ దేశపు అమ్మాయిలనే పెళ్లి చేసుకున్నారు. సుమారు పదేళ్లు గడిచాక ఆ ఇద్దరూ చనిపోయారు. వారికి పిల్లలు లేరు. మూడు సమాధులను పరాయి నేలలో వదిలి, ఒక్క కోడలితో ఆమె సొంత ఊరికి తిరిగి వచ్చింది.

ఊరు ఊరంతా కదిలి వచ్చి, ఈమె నయోమియేనా అని అడిగింది. అప్పుడామె అన్న మాట వినండి: "నేను సమృద్ధిగల దాననై వెళ్లితిని, యెహోవా నన్ను రిక్తురాలినిగా తిరిగి రాజేసెను." తన దుఃఖానికి కారణం కరువనీ, రోగమనీ, విధి అనీ ఆమె అనలేదు. నేరుగా దేవుని పేరే పెట్టి, ఆయనే నన్ను బాధపెట్టాడంది. అంత మాట అన్నందుకు ఆమెను ఎవరైనా మందలించారేమోనని ఆ గ్రంథమంతా వెతికి చూడండి, ఒక్కరూ కనబడరు. ఊరి ఆడవాళ్లు గద్దించలేదు, రూతు తప్పు పట్టలేదు, తరువాత వచ్చే బోయజు, అంటే ఎలీమెలెకు బంధువైన పొలం యజమాని, ఉపదేశం చేయలేదు, దేవుడు కోపగించుకోలేదు. ఆ మాటను పరిశుద్ధ లేఖనంలో అలాగే ఉంచారు. దేవుని మీద ఫిర్యాదు చేసేవాడు ఇంకా దేవునితో మాట్లాడుతూనే ఉన్నాడని నేను నమ్ముతాను. అందుకే ఈ పూట వింటున్నవారిలో ఎవరికైనా స్తోత్రం నోటికి రాకపోతే, నయోమి మాటనే ప్రార్థనగా చెప్పుకోవచ్చునని ధైర్యంగా చెబుతున్నాను.

ఇక్కడ మన సంఘాల గురించి ఒక మాట అనక తప్పదు. ఆదరించడానికి వెళ్లి, "ఏడవకమ్మా, ప్రభువు సన్నిధికి వెళ్లాడు, సంతోషించాలి" అనేవారు మనలో చాలామంది ఉన్నారు. వారి ఉద్దేశం మంచిదే. కాని "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని ఫిలిప్పీయులకు రాసిన పౌలు అదే పత్రికలో, జబ్బుపడి చావు దాకా వెళ్లి బతికిన ఎపఫ్రొదితును తలచుకుని, తనకు దుఃఖము మీద దుఃఖము కలుగకుండా దేవుడు కనికరించాడని కూడా రాశాడు. ఆ స్నేహితుడే దక్కకపోతే తాను శోకంలో మునిగిపోయేవాడినని ఆ అపొస్తలుడు దాచుకోలేదు. థెస్సలొనీకయులకు రాసినప్పుడు కూడా నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దన్నాడే గాని, అసలు దుఃఖమే పడవద్దని అనలేదు.

సరే, నయోమి దగ్గరకు తిరిగి వద్దాం. నేను రిక్తురాలినై వచ్చానని ఆమె అంటున్న సమయాన రూతు పక్కనే నిలబడి ఉంది. తల్లిదండ్రులను, పుట్టిన దేశాన్ని విడిచి, నీ దేవుడే నా దేవుడంటూ వెంట వచ్చిన కోడలు ఆమె కళ్ల ముందే ఉంది. అయినా అత్త లెక్కలో తన చేతులు ఖాళీ. శోకంలో ఉన్న మనిషికి పోయినవారు కనబడినంతగా పక్కనున్నవారు కనబడరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మిగిలిన బిడ్డలకు అన్నం పెట్టడం మరచిపోయిన ఇళ్లు మనమెరిగినవే. నేనుండగా ఆ మాట ఎలా అన్నావని రూతు నొచ్చుకుని అడగవచ్చు, కాని అడగలేదు. మరునాడో, ఆ తరువాతో లేచి, పొలానికి వెళ్లి పరిగె ఏరుకుని వస్తానంది. నయోమి ఇచ్చిన జవాబు "నా కుమారీ, పొమ్ము" అన్నంతే. తాను కూడా వస్తానని అనలేదు. వయసు వల్ల రాలేకపోయిందని కొందరంటారు, దిగులు వల్ల లేవలేకపోయిందని నాకనిపిస్తుంది.

పరిగె అంటే పల్లెటూరి శ్రోతలకు చెప్పనక్కరలేదు. కోత కోసి, పనలు కట్టి తీసుకుపోయాక చేలో రాలి మిగిలిన వెన్నులవి. ఇశ్రాయేలు ధర్మశాస్త్రంలో దీనికొక కట్టడ ఉంది. కోసేటప్పుడు పొలం అంచుల దాకా పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగెను యజమాని ఏరుకోకూడదు, మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు. పరదేశికి, తండ్రి లేని బిడ్డకు, విధవరాలికి వాటిని విడిచిపెట్టాలి. నయోమి వలస వెళ్లకముందే, ఆమె ఏ దేవుని మీద ఫిర్యాదు చేసిందో ఆ దేవుడే, ఆమెలాంటివారి కోసం ప్రతి రైతు పొలంలోనూ ఒక వాటా రాయించి పెట్టాడు. దర్శనం రాలేదు, దేవదూత దిగలేదు. ఆ గ్రంథంలో దేవుడు నోరు తెరిచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడడు. నయోమికి ఆదరణ యవల గింజలుగా వచ్చింది.

ఆ మధ్యాహ్నం బోయజు తన కోతవారితో పాటు రూతును కూర్చోబెట్టి పేలాలు అందించాడు. ఆమె తృప్తిగా తిని, మిగిలినవి అత్త కోసం దాచింది. సాయంకాలం ఏరిన యవలను దుళ్లగొట్టుకుని, ఆ పేలాలతో సహా ఇంటికి తెచ్చి పెట్టింది. సొంత ఊరికి తిరిగి వచ్చాక నయోమి నోట దీవెన మాట రావడం అదే మొదటిసారి. బతికి ఉన్నవారికి, చనిపోయినవారికి కూడా ఉపకారం మానలేదు అంటూ తనవాళ్లను తలచుకుంది. కొన్నాళ్లకు మరోసారి బోయజు ఆరు కొలల యవలు కొలిచి పంపుతూ, వట్టి చేతులతో మీ అత్త దగ్గరకు వెళ్లవద్దన్నాడు. రిక్తురాలినై వచ్చానన్న మనిషి ఇంటికి ఆ మాట చేరింది. ఇదంతా ఒక్క రోజులో జరగలేదు. యవల కోత మొదలు గోధుమ కోత ముగిసేదాకా రూతు పరిగె ఏరుతూనే ఉంది. నెల తిరగకుండానే తేరుకోలేదేమని దుఃఖంలో ఉన్నవారిని తొందరపెట్టేవారు ఈ సంగతి గమనించాలి.

నాలుగో అధ్యాయంలో అంతగా ఎవరూ పట్టించుకోని ఒక వచనం ఉంది. బోయజు ఊరి గవిని, అంటే ఊరి ద్వారం దగ్గర పెద్దలను కూర్చోబెట్టి, ఎలీమెలెకు, కిల్యోను, మహ్లోను అని ముగ్గురి పేర్లూ పైకి చెప్పి, వారికి కలిగినదంతా తాను నయోమి నుంచి సంపాదించానని సాక్ష్యం పెట్టాడు. చనిపోయినవాని పేరు తన ఊళ్లో మాసిపోకూడదన్నాడు. మనమేమో తల్లి ఏడుస్తుందేమోనని పోయిన బిడ్డ పేరు ఎత్తడం మానేస్తాం, ఆమేమో ఆ పేరు ఎవరైనా ఒక్కసారి పలకరా అని ఎదురుచూస్తూ ఉంటుంది. ఏటా నవంబరు 2న సమాధుల పండుగనాడు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే కూర్చుని పోయినవారి సంగతులు చెప్పుకునే కుటుంబాలు ఈ విషయంలో చాలా ప్రసంగాల కన్నా ఎక్కువ మేలు చేస్తున్నాయి.

చివరికి బోయజు రూతును పెళ్లి చేసుకున్నాడు, వారికి ఓబేదు పుట్టాడు, నయోమి ఆ బిడ్డను ఎత్తి కౌగిట ఉంచుకుంది. పోయిన కొడుకుల లోటు తీరిందని గ్రంథం అనలేదు, నేనూ అనను. ఒక మనిషి చోటును మరో మనిషి నింపలేడు. అయితే ఆ ఓబేదు దావీదుకు తాత అయ్యాడు, ఆ వంశంలోనే, ఆ ఊళ్లోనే యేసుక్రీస్తు పుట్టాడు. ఆయన బేతనియలో లాజరు సమాధి దగ్గరకు వెళ్లినప్పుడు, మార్త, మరియ ఒకరి తరువాత ఒకరు, నీవిక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోకపోవునని అదే ఫిర్యాదు చేశారు. ఆయన ఎవరినీ గద్దించలేదు. మరికొంతసేపట్లో లాజరును పిలిచి లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం మీద నిరీక్షణ ఉన్నవారు ఏడవకూడదని చెప్పడానికి ఇక మనకు అధికారం ఎక్కడిది? ఆ సమాధి ముందు ఆయన లాజరును పిలిచిన స్వరమే నీ వారినీ పిలుస్తుందన్నది మన విశ్వాసం. అంతవరకు మనం ఏడిస్తే ఆయన నొచ్చుకోడు.

వింటున్నవారిలో దుఃఖం దాటి, ఇక బతకడం ఎందుకన్న ఆలోచన దాకా వెళ్లినవారు ఉంటే, వారికి విడిగా ఒక మాట. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడవద్దు, దానితో ఒంటరిగా ఉండవద్దు. ఇంట్లో ఒకరికి ఈ రాత్రే చెప్పండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది, నంబరు 14416. పగలైనా రాత్రయినా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుని దగ్గరకు వెళితే విశ్వాసం తక్కువైనట్టు కాదు. బేత్లెహేము పొలాల్లో విధవరాలి కోసం వాటా విడిచిపెట్టించిన దేవుడు, మీ కోసం ఆ వైద్యుని చేతిలోనూ, ఆ ఫోను అవతల ఉన్న మనిషి దగ్గరా కొంత ఉంచి ఉండవచ్చు. ఇక అలాంటి ఇంటికి ఈ వారం వెళ్లదలిచినవారు వాక్యం వెతుక్కోకపోయినా పరవాలేదు. వండిన అన్నం తీసుకువెళ్లండి, పోయినవారి పేరు పలకండి, వచ్చే నెల మళ్లీ వెళ్లండి. సెలవు.