పట్టు చెడకుండా తేనె తీద్దాం

శ్రోతలందరికీ నమస్కారం. తేనెపట్టును చేత్తో పిండి తేనె తీయడం మీలో చాలామంది చూసే ఉంటారు. తేనె గిన్నెలోకి కారుతుంది, పిప్పి పక్కన పారేస్తారు. ఆ పిప్పి గురించే ఈరోజు చెప్పాలనుకుంటున్నాను.

అది మైనం. ఈగలు దాన్ని పూల నుంచి తెచ్చుకోవు, ఒంట్లోంచి పుట్టిస్తాయి. సుమారు రెండు వారాల వయసున్న కూలి ఈగ పొట్ట అడుగున నాలుగు జతల గ్రంథులు పనిచేస్తుంటాయి. ఈగలు కడుపునిండా తేనె తాగి, ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని గొలుసుల్లా వేలాడతాయి. అప్పుడు ఆ గ్రంథుల నుంచి ఊరిన మైనం గాలి తగిలి పలుచని పొలుసులా గట్టిపడుతుంది. ఆ పొలుసును ఈగ కాలితో తీసి, నోట్లో నమిలి మెత్తబరిచి పట్టులోని గడి గోడకు అతికిస్తుంది. ఒక కిలో మైనం రావాలంటే ఈగలు 6 నుంచి 8 కిలోల తేనె తినాలని అంచనా. అంటే పట్టు పిండేసిన ప్రతిసారీ రేపటి తేనె కూడా పోగొట్టుకుంటున్నాం.

దీనికి దారి దొరికి నూట యాభై ఏళ్లు దాటింది. సెంటీమీటరుకు కాస్త తక్కువ సందు వదిలితే ఈగలు దాన్ని పూడ్చవని, నడిచే దారిగా ఉంచుకుంటాయని గమనించి, 1851లో అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్, ఫ్రేములు అంటే ఈగలు పట్టు కట్టే చట్రాలు, పైకి తీయగలిగే పెట్టెను ఆలోచించాడు. 1865లో హ్రుష్కా అనే తేనెటీగల పెంపకందారు పట్టును గిర్రున తిప్పి తేనె తీసే యంత్రం చూపించాడు. తేనెటీగల పెంపకంలో ఇంతకన్నా గొప్ప మేలు లేదని నా నమ్మకం.

ఫ్రేము ఎప్పుడు తీయాలి? గడుల్లో కనీసం ముప్పావు వంతుకు మైనపు మూతలు పడ్డాక. పూల నుంచి తెచ్చిన మకరందంలో ఎక్కువ భాగం నీరే. రెక్కలతో విసిరి విసిరి, తేమ 20 శాతం లోపుకు దిగాక మూత వేస్తాయి. ఈగలు పెంచిన మొదటి ఏడాది నేను తొందరపడి మూతలు పడని ఫ్రేములు తీశాను. నెల తిరక్కముందే సీసాల్లో నురగ, పుల్లటి వాసన. ఆ తేనె మొత్తం పారబోయాల్సి వచ్చింది, చాలా బాధేసింది.

వేడినీళ్లలో ముంచి తుడిచిన కత్తిని ఫ్రేము మీద పడుకోబెట్టి లాగితే, మూతలు పొరలా లేచి వస్తాయి. యంత్రాన్ని మొదట నెమ్మదిగానే తిప్పండి. కొత్త పట్టు లేతగా ఉంటుంది, విరిగిపోతుంది.

మూతల మైనం శుభ్రమైనది, దాన్ని విడిగా దాచండి. తేనె వార్చి, నీళ్లతో కడిగి, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి. 62, 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. నేరుగా మంట మీద పెడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఇనుప పాత్ర వద్దు, రంగు మారిపోతుంది. బట్టలో వడకట్టి నిదానంగా చల్లారనిస్తే, పసుపుపచ్చని బిళ్ల కడుతుంది. అడుగున పట్టిన మడ్డి గీకేస్తే చాలు.

అన్నట్టు, తేనె పేరుకుపోతే కల్తీ అనుకోకండి, చాలా రకాల తేనె సహజంగానే పేరుకుంటుంది. ఏడాది లోపు పిల్లలకు మాత్రం ఒక్క చుక్క కూడా నాకించొద్దు.

తేనె తీసిన ఫ్రేములను సాయంత్రం చీకటి పడే వేళ తిరిగి పెట్టెలో పెట్టండి. పగలు పెడితే వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. రెండు రోజులాగి పెట్టె మూత తీసి చూడండి. ఈగలు గడులను తడి లేకుండా నాకేసి, కత్తి తగిలి చిరిగిన అంచులకు తెల్లటి కొత్త మైనం అతికిస్తూ కనిపిస్తాయి.