కళ్ళజోడా, లెన్సులా: కంటిని మాత్రమే అడిగి తేల్చలేని ప్రశ్న

(డిగ్రీ కళాశాల విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో ఒక ఆప్టోమెట్రిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, అధ్యాపకులకు, పిల్లలతోపాటు వచ్చిన తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారాలు.

సైటు చూసి అద్దాలు రాయడం, కాంటాక్ట్ లెన్సులు అమర్చడం ముప్ఫై ఏళ్లుగా నా వృత్తి. పరీక్ష పూర్తయి కుర్చీలోంచి లేవబోతూ చాలామంది నన్నడిగే ప్రశ్న ఒక్కటే: “ఇంతకీ రెంటిలో ఏది మంచిదండీ?” కంటిని చూసి నేను దీనికి సగం జవాబే చెప్పగలను. మిగతా సగం ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఎదురు ప్రశ్నలు వేస్తాను. బండి మీద ఎంత దూరం వెళతారు, ఏసీ గదిలో ఎన్ని గంటలు కూర్చుంటారు, వంట ఎవరు చేస్తారు, ఎంత అలసిపోయి వచ్చినా రాత్రి పళ్ళు తోముకునే పడుకుంటారా అని. చివరి ప్రశ్నకు అందరూ నవ్వుతారు గాని, నాకు అన్నిటికన్నా పనికివచ్చే జవాబు దానిదే.

ముందు కంటి సగం చెబుతాను. మైనస్ పవర్ ఉన్నవారికి దూరపు వస్తువు బింబం రెటీనాకు, అంటే కంటి లోపల వెనకవైపున్న తెరకు, ఇవతలే ఏర్పడుతుంది. అద్దమైనా లెన్సైనా చేసే పని ఆ బింబాన్ని రెటీనా మీదికి జరపడమే. తేడా అంతా అవి కూర్చునే చోటులో ఉంది. కళ్ళజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల ఎడంగా ఉంటుంది, లెన్సు కన్నీటి పొర మీద తేలుతుంది. చిన్న పవర్లకు ఈ ఎడాన్ని పట్టించుకోనక్కరలేదు గాని, పవర్ 4 డయాప్టర్లు (పవర్‌ను కొలిచే ప్రమాణం) దాటాక లెక్క మారుతుంది. అద్దంలో మైనస్ 8 వాడే మనిషికి లెన్సులో సుమారు మైనస్ 7.25 సరిపోతుంది. పైగా లెన్సుకు పవర్ ఒక్కటే చాలదు, కంటి వంపుకు తగిన వంపు, వ్యాసం కూడా కొలిచి రాయాలి. అద్దాల చీటీ చూపించి లెన్సులు తెప్పించుకునేవారు తరచుగా పొరపాటు పడేది ఇక్కడే.

బలమైన మైనస్ అద్దంలోంచి లోకం చిన్నదిగా కనిపిస్తుంది, ఎదుటివారికి మన కళ్ళూ చిన్నవిగానే కనిపిస్తాయి. బడిలో పిల్లలు ‘సోడాబుడ్డి’ అని ఏడిపించింది ఈ అద్దాలనే. ఇప్పుడు పలచని అద్దాలు వచ్చాయి కాబట్టి ఆ బాధ కొంత తగ్గింది. అయితే ఒక కంటికి మైనస్ 1, రెండో కంటికి మైనస్ 7 ఉన్నవారి ఇబ్బంది అద్దం పలచనైనంత మాత్రాన తీరదు. రెండు కళ్ళలో రెండు సైజుల బొమ్మలు పడుతుంటే మెదడు వాటిని కలుపుకోలేక తలనొప్పి, తల తిప్పడం మొదలవుతాయి. అలాంటివారికి లెన్సు షోకు కాదు, అవసరం. కెరటోకోనస్ ఉన్నవారి సంగతి ఇంకా స్పష్టం. ఆ జబ్బులో కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. ఆ ఎగుడుదిగుళ్ళను కళ్ళజోడు కొంతవరకే సరిచేయగలదు. గట్టి లెన్సు పెడితే దాని కిందికి చేరిన కన్నీరు పల్లాలను పూడ్చేస్తుంది, వెలుతురు లెన్సు నున్నటి పైతలం మీదుగా సాఫీగా లోపలికి పోతుంది. జబ్బు ముదిరినవారికి తెల్లగుడ్డు మీద ఆనుకునే పెద్ద స్క్లెరల్ లెన్సులు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చాలాకాలంగా అమరుస్తున్నారు. మందుల రియాక్షన్‌తో కళ్ళు పూర్తిగా ఎండిపోయినవారికి కూడా అవి ఊరటనిస్తాయి.

ఇక లెన్సుకు ఉన్న చిక్కు. కార్నియాలో రక్తనాళాలు లేవు. ఉంటే అది అద్దంలా ఉండేది కాదు. మెలకువగా ఉన్నంతసేపూ దానికి ఆక్సిజన్ గాలి నుంచే, కన్నీటి ద్వారా అందాలి. కాబట్టి దాని మీద ఏది కప్పినా ఊపిరికి అడ్డమే. ఆ అడ్డాన్ని తగ్గించుకుంటూ రావడమే లెన్సుల చరిత్ర. 1888లో జర్మన్ కంటి వైద్యుడు అడాల్ఫ్ ఫిక్ వర్ణించిన తొలి లెన్సులు గాజువి, తెల్లగుడ్డును కూడా కప్పేవి. కొద్ది గంటలు భరించడమే గగనం. మెత్తని లెన్సు చెక్ రసాయన శాస్త్రవేత్త ఒటో విఖ్టెర్లె పుణ్యం. 1961 క్రిస్మస్ నాళ్ళలో ఆయన తన ఇంట్లోనే పిల్లల ఆటసామానుతో, సైకిల్ డైనమోతో ఒక యంత్రం కట్టి, గిరగిరా తిరిగే అచ్చుల్లో లెన్సులు పోశారు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. పదేళ్లకు, 1971లో, అమెరికాలో మెత్తని లెన్సులకు అనుమతి దొరికింది. ఆక్సిజన్‌ను బాగా పోనిచ్చే సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు 1990ల చివర్లో వచ్చాయి.

అయినా నిద్ర సమస్య తీరలేదు. రెప్ప మూసుకుంటేనే కార్నియాకు అందే ఆక్సిజన్ తగ్గిపోతుంది, దాని మీద లెన్సు కూడా ఉంటే కార్నియా ఉబ్బుతుంది, సూక్ష్మజీవులకు సందు దొరుకుతుంది. లెన్సులతో నిద్రపోయేవారికి ఇన్‌ఫెక్షన్ ముప్పు పలు రెట్లు ఎక్కువ. నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో విశాఖపట్నం నుంచి రాత్రి రైల్లో వస్తూ, లెన్సుల డబ్బా పెట్టె అడుగున ఉందని బద్ధకించి అలాగే పడుకున్నాను. సికింద్రాబాదు వస్తోందని ఎవరో తట్టి లేపేసరికి కుడికన్ను తెరుచుకోలేదు. తడారిపోయిన లెన్సు అంటుకుపోయి ఉంది. బోగీ చివర బేసిన్ దగ్గర నీళ్ళు చల్లుకుని, దాన్ని గోటితో లాగాను. నలుగురికీ జాగ్రత్తలు చెప్పేవాడు చేయవలసిన పని కాదు. కార్నియా మీద పడిన గీత మానడానికి వారం పట్టింది.

ఆ నీళ్ళు చల్లుకోవడం రెండో తప్పు. కుళాయిలో, బావిలో, మేడ మీది ట్యాంకులో, ఈతకొలనులో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు. మామూలుగా మనల్ని ఏమీ చేయదు గాని, లెన్సుకు అంటుకుని కార్నియాలోకి చేరిందంటే భరించలేని నొప్పి, నెలల తరబడి వైద్యం. తగ్గినా కంట్లో పువ్వు మిగలవచ్చు, కొందరికి కార్నియా మార్పిడి దాకా పోతుంది. ఒకసారి ఒక హాస్టలు విద్యార్థి ఎర్రటి కళ్ళతో వచ్చాడు. సొల్యూషన్ అయిపోతే రెండు సీసా మూతల్లో ఫిల్టరు నీళ్ళు పోసి లెన్సులు నానబెట్టాడట. ఏది కుడిదో తెలియడానికి ఒక మూత మీద పెన్నుతో గీత కూడా పెట్టుకున్నాడు. ఆ గీత పెట్టేపాటి శ్రద్ధ ఉన్న పిల్లవాడికి ఫిల్టరు నీళ్ళు కూడా పనికిరావని ఎవరూ చెప్పలేదు. పాత సొల్యూషన్‌లో కొత్తది కలపడం, ఉమ్మితో తడపడం, డబ్బాను ఏళ్ల తరబడి వాడటం కూడా ఈ కోవలోవే. డబ్బాను మూడు నెలలకొకసారి మార్చాలి. ఈ జాగ్రత్తలు కుదరవనుకునేవారు రోజు గడవగానే పారేసే డైలీ లెన్సులు తీసుకోవడం మేలు.

ఇప్పుడు రోజు సంగతి. వాన పడుతుంటే హెల్మెట్ లోపల కళ్ళజోడుకు ఆవిరి పట్టి దారి కనబడకపోవడం మీలో చాలామందికి అనుభవమే. కబడ్డీ కూతకు వెళ్ళేవాడు కళ్ళజోడుతో వెళ్ళలేడు, కూచిపూడి వేషం కట్టే అమ్మాయి అద్దాలతో వేదిక ఎక్కలేదు. ఇలాంటివారికి నేను లెన్సులే చెబుతాను. అదే బండి మీద అద్దం ఎత్తిన హెల్మెట్‌తో రోజూ దుమ్ములో తిరిగేవారికి, మిరప యార్డులో పనిచేసేవారికి కళ్ళజోడు చూపు ఇవ్వడంతోపాటు కంటికి అడ్డుగా కూడా నిలుస్తుంది. పచ్చిమిరపకాయలు తరిగిన చేతితో, సబ్బుతో కడిగినా సరే, లెన్సు తీయబోయినవారు ఆ రాత్రిని మరిచిపోరు. వంటకు ముందే తీసేయడం క్షేమం. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవారు రెప్ప కొట్టడం తగ్గిస్తారు, సాయంత్రానికి లెన్సు ఎండి గుచ్చుకుంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. నలభై దాటి చత్వారం వచ్చాక మైనస్ పవర్ ఉన్నవారికి కళ్ళజోడు ఒక చిన్న ఉపకారం చేస్తుంది. దాన్ని నుదుటి మీదికి నెట్టి పేపరు చదువుకోవచ్చు. లెన్సును అలా నెట్టలేం కదా. లెన్సులు పెట్టుకున్నవారు చదవడానికి మళ్ళీ ఒక జత అద్దాలు కొనుక్కోవాలి. పెళ్ళిచూపుల కోసం అమ్మాయికి లెన్సులు పెట్టించమని వచ్చేవారికి నేను చెప్పేది, లెన్సులు పెట్టుకోవడం అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది, ముందురోజు సాయంత్రం రావద్దని. అద్దాలు దాచి చేసే సంబంధం గురించి నా అభిప్రాయం వేరే ఉంది, దాన్ని ఈ వేదిక మీద చెప్పను. పవర్ లేని రంగు లెన్సులు కూడా కంటిని కొలిపించుకున్నాకే పెట్టుకోవాలి, ఒకరివి ఒకరు మార్చుకోకూడదు.

ఖర్చులోనూ ఒక మెలిక ఉంది. లెన్సులు కొన్నవారికి కళ్ళజోడు ఖర్చు తప్పదు, ఎందుకంటే కన్ను ఎర్రబడిన రోజున, జ్వరం వచ్చిన రోజున, రాత్రి లెన్సులు తీశాక పెట్టుకోవడానికి సరైన పవర్‌తో ఒక జత ఇంట్లో ఉండి తీరాలి. అది లేనివారికి నేను లెన్సులు అమర్చను. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా లెన్సు తీసేసి అదేరోజు డాక్టరును కలవాలి.

ఆ బల్ల మీద ట్రయల్ లెన్సులు పెట్టాను. వేలి కొన మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే, అంచులు దొప్పలా నిటారుగా ఉంటే సరైన వైపు, పళ్ళెంలా బయటికి వాలితే తిరగబడినట్టు. చూడాలనుకున్నవారు వరుసగా రండి. ముందు బయట కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, చున్నీకో చొక్కాకో తుడుచుకోకుండా, అక్కడ పెట్టిన కాగితంతో బాగా తడి ఆరేదాకా ఒత్తుకుని రండి.