ఎంఎస్ రోగి అలసటకు లెక్కలో చోటెక్కడ?

అందరికీ నమస్కారం.

2002 మొదట్లో బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ (ప్రభుత్వ ఖర్చుతో ఏ మందులివ్వాలో సలహా చెప్పేది) ఒక నిర్ణయం ప్రకటించింది. మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)‌కి వాడే బీటా ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరామర్ మందులు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలని సిఫారసు చేయలేమని చెప్పేసింది. మందులు పనిచేయవని కాదు, జరిగే మేలుతో పోలిస్తే ఖర్చు చాలా ఎక్కువని. మరి ఆ మేలుని కొలిచిందెలా? ఈరోజు నా ప్రసంగం ఆ కొలత గురించే.

పూర్తి ఆరోగ్యంతో గడిచిన ఏడాదికి విలువ 1, మరణానికి 0. 0.5 విలువున్న స్థితిలో పదేళ్లు బతికితే అయిదు క్యాలీలు, అంటే నాణ్యతను బట్టి లెక్కగట్టిన అయిదు జీవిత సంవత్సరాలు, అంటారు. ఒక క్యాలీ అదనంగా రావడానికి అయ్యే ఖర్చు 20 వేల నుంచి 30 వేల పౌండ్ల లోపు ఉంటే నైస్ చాలా ఏళ్లపాటు సరేనంటూ వచ్చింది.

ఆ 0.5 చాలావరకు ఈక్యూ-5డి అనే ప్రశ్నపత్రం నుంచి వస్తుంది. నడక, స్నానం బట్టల్లాంటి సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు. అంతే, అయిదు ప్రశ్నలు. టిక్కులు పెట్టేది రోగి. వాటికి విలువ కట్టేది మాత్రం మామూలు జనం. "ఈ స్థితిలో పదేళ్లు బతుకుతారా, పూర్తి ఆరోగ్యంతో అంతకన్నా తక్కువ ఏళ్లు చాలా?" అని వాళ్లని అడుగుతారు. ఆరేళ్లు చాలంటే విలువ 0.6.

2005లో బ్రిటన్‌లో సుమారు రెండు వేలమంది ఎంఎస్ రోగుల చేత ఈ ప్రశ్నపత్రం నింపించారు. ఈడీఎస్ఎస్ అని వైకల్యాన్ని 0 నుంచి 10 దాకా కొలిచే స్కేలు ఉంది. అందులో 6 దగ్గర, అంటే వంద మీటర్లు నడవాలంటే చేతికర్ర కావాల్సిన దశలో, విలువ సుమారు 0.46. ఎక్కువసేపు మంచానికో కుర్చీకో పరిమితమయ్యే 8 దగ్గర సున్నా కన్నా కాస్త కింద. చావు కన్నా హీనమని దానర్థం. ఆ మాట రోగులు అనలేదు. వాళ్ల టిక్కులకు, ఆ జబ్బు ఎరగనివాళ్లు కట్టిన విలువ అది. ఖర్చయ్యేది ప్రజల డబ్బు కాబట్టి ప్రజల్నే అడగాలన్న వాదన నాకు అర్థమవుతుంది. అయినా ఆ అంకె నన్ను బాధపెడుతుంది.

ఇంకా బాధపెట్టేది అలసట. ఎంఎస్ ఉన్నవాళ్లలో చాలామందిని కుంగదీసేది అదే. రాత్రంతా నిద్రపోయినా పొద్దున లేవగానే ఒంట్లో సత్తువ ఉండదు. నడవగలరు, స్నానం చేయగలరు, కానీ మధ్యాహ్నానికి బుర్ర పనిచేయదు. ఈక్యూ-5డిలో అలసట గురించి ప్రశ్నే లేదు. మతిమరుపు, చూపు మసకబారడం, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటికీ లేదు. పైగా అది అడిగేది 'ఈరోజు' గురించి. ఒంట్లో వేడి పెరిగితే ఎంఎస్ లక్షణాలు ముదురుతాయి. మన మే నెల ఎండలో నింపిన కాగితం, డిసెంబరులో నింపిన కాగితం ఒకేలా ఎలా ఉంటాయి?

బ్రిటన్‌లో నైస్ నిర్ణయంపై నిరసనలు వచ్చాక 2002లోనే ప్రభుత్వం, కంపెనీలు ఒక ఒప్పందానికి వచ్చాయి. మందులిస్తూ సుమారు అయిదు వేలమందిని పదేళ్లు గమనించి, అనుకున్నంత మేలు జరగకపోతే మందు ధర తగ్గించాలని. మంచి ఆలోచనే. కానీ అక్కడా ప్రధానంగా చూసింది ఈడీఎస్ఎస్సే. ఆ స్కేల్లో 4 దాటాక దాదాపు అంతా నడక చుట్టూనే తిరుగుతుంది. మందు వల్ల అలసట తగ్గి ఒకావిడ ఉద్యోగం నిలబెట్టుకుంటే, ఆ లాభం ఆ స్కేలుకి దాదాపు కనపడదు.

దారులు లేకపోలేదు. రోగుల మాటల నుంచే తయారైన ఎంఎస్ఐఎస్-29 అనే ప్రశ్నపత్రం ఉంది. దాన్నుంచి ఆర్థిక లెక్కలకు పనికొచ్చేలా ఎంఎస్ఐఎస్-8డి తీశారు. అందులో అలసటకీ, ఆలోచనాశక్తికీ చోటుంది.

మన దేశంలో 2017 నుంచి ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఇలాంటి లెక్కలు వేసే వ్యవస్థ ఉంది. ఈక్యూ-5డికి భారతీయుల విలువలు కూడా వచ్చాయి. ఆ లెక్కలు వేసేవాళ్లకు నా మనవి: ఎంఎస్ మందు మీ ముందుకొచ్చినప్పుడు అయిదు ప్రశ్నలతో సరిపెట్టకండి. అలసట గురించి విడిగా అడగండి. ఏ నెలలో అడిగారో రాసుకోండి. రోగిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన భర్తనో, తల్లినో కూడా కూర్చోబెట్టి అడగండి.