హాల్లోకి రానివ్వని లాగ్ టేబుల్ పుస్తకం ఎందుకు కొనాలి?

నమస్కారం. ఈ రివ్యూలో మీకు చూపిస్తున్నది శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక దుకాణంలో కొన్న పలుచని లాగ్ టేబుల్ పుస్తకం. ఇంటికి తేగానే, ఈఏపీసెట్‌కు చదువుతున్న మా చెల్లెలు, "హాల్లోకి కాలిక్యులేటర్ రానివ్వరు, లాగ్ టేబుల్ కూడా రానివ్వరు, మరి ఇదెందుకన్నయ్యా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

ముందు పుస్తకం తెరుద్దాం. 374.6కు లాగ్ కావాలంటే, 37 ఉన్న అడ్డువరుసలో 4 కింద 5729 కనిపిస్తుంది. అదే వరుసలో కుడివైపునున్న మీన్ డిఫరెన్స్ గడుల్లో 6 కింద 7 ఉంటుంది. రెండూ కలిపితే 5736. దశాంశ బిందువుకు ముందు మూడు అంకెలున్నాయి కాబట్టి లాక్షణికం, అంటే లాగ్‌లో బిందువుకు ముందుండే పూర్ణాంకం, 2, జవాబు 2.5736. పదిని ఎంత ఘాతానికి హెచ్చిస్తే 374.6 వస్తుందన్న ప్రశ్నకు అదే జవాబు, లాగ్ అంటే అంతకు మించి ఏమీ లేదు. స్కాట్లాండ్‌కు చెందిన నేపియర్ 1614లో సంవర్గమానాలను, అంటే ఈ లాగ్‌లను, ప్రకటించగా, ఇంగ్లాండ్‌లో బ్రిగ్స్ 1617లో 10 ఆధారంగా 1 నుంచి 1000 వరకు పట్టిక అచ్చువేయించాడు. రెండు సంఖ్యల లాగ్‌లు కలిపితే వాటి లబ్ధానికి లాగ్ వస్తుంది; చేతితో లెక్కలు కట్టే ఆ రోజుల్లో గుణకారం ఇలా కూడికగా మారడం చిన్న ఊరట కాదు.

ఇక పిల్లలు తడబడే చోటికి వద్దాం. 0.002కు లాగ్ చూస్తే పట్టికలో 3010 ఉంటుంది, 0.002 అంటే 2ను వెయ్యితో భాగించినది కనుక లాక్షణికం మైనస్ 3, దాన్ని 3 నెత్తిన గీత పెట్టి బార్ 3 అని రాస్తాం. ఆ గీత 3కు మాత్రమే చెందుతుంది, వెనకున్న 0.3010 ధనాత్మకంగానే నిలుస్తుంది, కాబట్టి అసలు విలువ మైనస్ 2.6990. పీహెచ్ అంటే ద్రావణంలోని హైడ్రోజన్ అయాన్ల గాఢతకు లాగ్ తీసి గుర్తు మార్చినది. ఈ గీతను మొత్తం సంఖ్యకు మైనస్‌గా చదివేసి, 0.002 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 3.3 అని మా చెల్లెలు రాసింది. సరైనది 2.7. 0.001 మోలార్‌కు పీహెచ్ 3 అయినప్పుడు, అంతకంటే గాఢమైన ఆమ్లానికి 3 దాటదు కదా అని ఒక్క క్షణం ఆగితే తప్పు దానంతటదే బయటపడుతుంది. నేను ఇంటర్‌లో ఇదే తప్పు చేశాను, అది ఆమెకు చెప్పలేదు.

పరీక్షకు కంఠతా పట్టవలసినవి మూడే: లాగ్ 2కు 0.3010, లాగ్ 3కు 0.4771, లాగ్ 7కు 0.8451. లాగ్ 5 విడిగా అక్కర్లేదు, 1 నుంచి లాగ్ 2 తీసేస్తే 0.6990 వస్తుంది. 2 యొక్క 100వ ఘాతంలో ఎన్ని అంకెలుంటాయని అడిగితే, వందసార్లు 0.3010 అంటే 30.10, కాబట్టి 31 అంకెలు. ప్రథమ క్రమాంక చర్య 99.9 శాతం పూర్తి కావడానికి ఎన్ని అర్ధాయుష్షులు (ఉన్న పదార్థం సగమవడానికి పట్టే కాలాలు) పడతాయంటే, మిగిలింది వెయ్యో వంతు కనుక లాగ్ 1000 అయిన 3ను 0.3010తో భాగించి సుమారు పది అనవచ్చు. రేటు స్థిరాంకం జోలికే పోనవసరం లేదు.

గణితం పేపర్లో ఉచ్చు వేరు. లాగ్ (ఎక్స్ మైనస్ 1), లాగ్ (ఎక్స్ ప్లస్ 2) కలిపితే 1 అని 10 ఆధారంగా ఇస్తే, సాధించినప్పుడు 3, మైనస్ 4 వస్తాయి. మైనస్ 4 వేస్తే లాగ్ లోపల రుణసంఖ్య పడుతుంది కనుక దాన్ని కొట్టివేయాలి.

పుస్తకం విషయానికొస్తే, అంకెల అచ్చు స్పష్టంగా ఉంది, కాగితం మాత్రం నాసిరకం. వాడే విధానం చెప్పే పేజీలో, సరిగ్గా బార్ ఉండవలసిన ఉదాహరణలోనే గీత పడలేదు, ఎర్ర పెన్నుతో నేనే గీశాను. మీరు కొనేటప్పుడు దుకాణంలోనే ఆ పేజీ తెరిచి చూసుకోండి.