లాజియాను ముంచిన మట్టి ఏ నీటిది?

అందరికీ నమస్కారం.

చైనాలో పసుపు నది ఎగువన, చింగ్‌హాయ్ రాష్ట్రంలో లాజియా అనే చోట తవ్వకాల్లో ఒక మట్టి గిన్నె దొరికింది. భూమికి మూడు మీటర్ల లోతున బోర్లా పడి ఉంది. పైకెత్తితే లోపల సన్నటి నూడుల్స్. అవి కొర్రలు, వరిగల పిండితో చేసినవని 2005లో ప్రకటించారు. నాలుగు వేల ఏళ్ల నాటి భోజనం అది. గిన్నె నోరు ఒండ్రుతో మూసుకుపోయింది కాబట్టే ఇన్నేళ్లు నిలిచింది. ఇంతకీ ఆ ఒండ్రు ఎక్కడిది? నదిదా, పక్క కొండల వాగుదా? ఈరోజు మాట్లాడబోయేది దీని గురించే. ఈ ఒక్క ప్రశ్న మీద చైనా గాథల్లో తొలిదైన షియా రాజవంశం పుట్టుక కథే ఆధారపడి ఉంది.

లాజియా వాళ్లు గాలి మోసుకొచ్చి పేర్చిన మెత్తటి మట్టిలో గదులు తొలుచుకుని బతికారు. నాలుగో నంబరు ఇంట్లో 14 అస్థిపంజరాలు బయటపడ్డాయి. మరో ఇంట్లో బిడ్డను ఒళ్లో పొదువుకున్న స్త్రీ ఉంది. ముందు భూకంపం వచ్చి కప్పులు కూలాయి, నేల బీటలు వారింది. ఆ బీటల్లోకి వరద మట్టి నేరుగా దిగింది. మధ్యలో మామూలు వానలకు కొట్టుకొచ్చే మట్టి పొర కనబడలేదు. అంటే భూకంపానికీ వరదకూ మధ్య ఏడాది కూడా గడవలేదని లెక్క. తవ్వేటప్పుడు బీటలను గబగబా శుభ్రం చేసి పడేస్తే ఈ ఆధారం పోతుంది. బీటను నిలువుగా సగం కోసి, నిండిన మట్టిని అంచెలంచెలుగా చూడాలి.

2016లో భూగర్భ శాస్త్రవేత్త వూ చింగ్‌లాంగ్ బృందం 'సైన్స్' పత్రికలో ఒక వాదన పెట్టింది. లాజియాకు 25 కిలోమీటర్ల ఎగువన జిషి లోయలో కొండచరియ విరిగిపడి నదికి అడ్డంగా దాదాపు 200 మీటర్ల ఎత్తు కట్ట పడింది. ఆరు నుంచి తొమ్మిది నెలలు నీళ్లు నిండాయి. తర్వాత గండి పడి 11 నుంచి 16 ఘన కిలోమీటర్ల నీరు దూకింది. మన లెక్కలో సుమారు 390 నుంచి 565 టీఎంసీలు. నాగార్జునసాగర్ కట్టిన కొత్తలో దాని నిల్వ 408 టీఎంసీలే. గరిష్ఠ ప్రవాహం సెకనుకు 3 నుంచి 5 లక్షల ఘనపు మీటర్లన్నారు. 1986లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది, అంటే దాదాపు లక్ష ఘనపు మీటర్లు. ఆ వరద చూసినవాళ్లు దాన్ని మూడింతలో, అయిదింతలో చేసి ఊహించుకోండి.

ఇలాంటి అంకె ఎలా వస్తుంది? వరద నీరు వాగుల నోళ్లలోకి, రాతి గూళ్లలోకి ఎగదన్ని, అక్కడ నెమ్మదించి, సన్నటి ఇసుక, ఒండ్రు దింపుతుంది. అన్నిటికన్నా ఎత్తున ఉన్న మేటను వెతికి మట్టం కొలుస్తాం. నీరు కనీసం అంత ఎత్తుకు వచ్చిందని అర్థం, ఇంకా పైకి కూడా వచ్చి ఉండొచ్చు. లోయ అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం తెలుస్తుంది. చిక్కంతా వేగం దగ్గరే. ఉదాహరణకు నీటి లోతు 16 మీటర్లు, వాలు వెయ్యికి ఒకటి అనుకుందాం. నీటి వేగం లెక్కగట్టే మ్యానింగ్ సూత్రంలో నది అడుగు గరుకుదనాన్ని 0.035గా తీసుకుంటే వేగం సెకనుకు 5.7 మీటర్లు వస్తుంది. 0.05గా తీసుకుంటే 4 మీటర్లే. గరుకుదనం కంటిచూపు అంచనా మీదే నడుస్తుంది గనుక, ఒకే అంకె చెప్పి ఊరుకునేవాళ్లను నేను నమ్మను. నది అట్టడుగు రాతిది కాకుండా ఒండ్రుదైతే తిప్పలు ఇంకా ఎక్కువ. వరదకు అది కోసుకుపోయి, మళ్లీ పూడి ఉంటుంది. ఇవాళ్టి కొలత నాటి లోతు కాదు.

కాలం కట్టడంలోనూ చిక్కులున్నాయి. మేటలో దొరికిన బొగ్గు ముక్క వయసును కార్బన్ పద్ధతిలో కొలవొచ్చు గానీ, అది ఏ ముసలి చెట్టుదో, ఎగువన ఏ పాత పొర నుంచి కొట్టుకొచ్చిందో చెప్పలేం. దాని వయసు వరద వయసు కంటే వందల ఏళ్లు ఎక్కువ చూపించవచ్చు. ఇసుక రేణువులకు చివరిసారి ఎండ తగిలిన కాలాన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది. బురదనీటిలో కొట్టుకొచ్చిన రేణువుకు సరిగా ఎండ తగలదు కాబట్టి అదీ వయసును పెంచే చూపిస్తుంది. అందుకే వూ బృందం ఆ నాలుగో ఇంట్లో చనిపోయిన ముగ్గురు పిల్లల ఎముకలను ఎంచుకుంది. పిల్లల ఎముకలో పాత కార్బన్ పేరుకునే వ్యవధి లేదు. క్రీ.పూ. 1920 ప్రాంతమని తేలింది. పద్ధతిగా చూస్తే ఈ ఎంపిక చాలా గట్టిది.

కానీ అది పిల్లలు చనిపోయిన కాలం మాత్రమే. కట్ట తెగిన కాలం అదేనని దానంతట అది చెప్పదు. ఈ రెంటినీ కలిపే వంతెన, వూ బృందం చూపిన నల్లటి ఇసుక. జిషి లోయ రాళ్ల పొడే లాజియా బీటల్లో ఉందన్నారు. దీన్ని ఒప్పుకోనివాళ్లు వేరే సంగతి చూపించారు. ఇళ్లను పూడ్చింది ఎర్ర బంకమట్టి అనీ, కుండపోత వానకు వెనక కొండల వాగుల్లోంచి దిగిన బురద అనీ వారి మాట. కట్ట తెగడం లాజియా కంటే వేల ఏళ్ల ముందే జరిగిందని వాదించినవారూ ఉన్నారు.

తేల్చే పరీక్ష సూత్రప్రాయంగా సులువే. నది వరద మేట నది వైపు మందంగా ఉండి, ఎత్తుకు పోయేకొద్దీ పలచబడుతుంది. వాగు బురద దీనికి తలకిందులు: కొండ వైపు మందం, నది వైపు పలచన. బురదలో చిన్నా పెద్దా రాళ్లు కలగాపులగంగా ఉంటాయి. నెమ్మదించి నిలిచిన నది నీటి మేటలో రేణువులు జల్లెడ పట్టినట్టు వరుసగా సర్దుకుంటాయి. ఊరి పొడవునా, వాగు నుంచి నది దాకా, గుంటలు తీసి పొర మందం గీస్తే ఏ వైపు నుంచి వచ్చిందో కాగితం మీదే కనబడుతుంది.

ఇక యూ చక్రవర్తి వరదను అదుపు చేసి షియా వంశాన్ని నిలిపాడన్న పురాతన గాథను వూ బృందం ఈ గండితో ముడిపెట్టింది. షియా వాళ్లదేనని చాలామంది భావించే ఎర్లిటౌ నాగరికత క్రీ.పూ. 1900 ప్రాంతంలో మొదలవడం వారికి కలిసొచ్చింది. అయితే వాళ్లు మేటలు చూపింది జిషి లోయలో, దాని దిగువన ఉన్న గ్వాన్‌టింగ్ పల్లంలో. ఎర్లిటౌ ఉన్నది ఎంతో దూరాన, నది దిగువన లోయాంగ్ నగరం దగ్గర. ఆ మైదానాల్లో అదే కాలపు, అదే రాతిపొడి ఉన్న మేట చేతికి దొరికే వరకు, కాలం కలిసింది కదా అని కారణం కూడా అదేనని నేను రాయను. లాజియా వరకు ఖాయంగా చెప్పగలిగింది ఒకటుంది: కూలిన ఇళ్లను ఎవరూ తిరిగి తవ్వుకోలేదు, చనిపోయినవాళ్లను బయటికి తీసి ఖననం చేయలేదు. వాళ్లు పడినచోటే ఉండిపోయారు.