జిగురు రాయక ముందు: ఇంటీరియర్ డిజైనరుకు కొలాజ్ సాధన

అందరికీ నమస్కారం.

ఇంటీరియర్ డిజైన్ చదువుతున్న మీ ముందు కత్తెర, పాత కాగితాల గురించి మాట్లాడటానికి వచ్చాను. ఇది బడి పిల్లల పని కదా అని ఎవరికైనా అనిపిస్తే, ముందుగా ఒక వాల్‌పేపరు కథ వినండి.

1912 వేసవిలో చిత్రకారులు జార్జ్ బ్రాక్, పాబ్లో పికాసో దక్షిణ ఫ్రాన్స్‌లోని సోర్గ్ అనే ఊళ్లో పక్కపక్కనే పనిచేస్తున్నారు. దగ్గరలోని అవిన్యోన్ పట్టణంలో ఒక దుకాణం అద్దాల వెనక బ్రాక్‌కు వాల్‌పేపరు చుట్ట ఒకటి కనిపించింది. ఓక్ చెక్కలా కనబడేట్టు అచ్చువేసిన కాగితం అది. పికాసో పారిస్ వెళ్లేదాకా ఆగి, ఆయన వెళ్లగానే బ్రాక్ ఆ చుట్ట కొన్నాడు. ముక్కలుగా కత్తిరించి, బొగ్గుతో గీసిన పండ్ల పళ్లెం, గ్లాసు ఉన్న బొమ్మలో అతికించాడు. అంతకు కొద్ది నెలల ముందే పికాసో పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను కోడిగుడ్డు ఆకారపు చిత్రంలో అంటించి, ఫ్రేముకు బదులు చుట్టూ తాడు బిగించాడు. ఫ్రెంచిలో అతికించడం అనే అర్థమున్న కొలాజ్ అన్న మాట ఆధునిక చిత్రకళలోకి వచ్చింది ఈ పనులతోనే.

ఆ రెండు చిత్రాల్లోని సామాను గమనించండి. చెక్కను తలపించే వాల్‌పేపరు, కుర్చీ అల్లికను తలపించే ఆయిల్‌క్లాత్. రెండూ మనం రోజూ తిరిగే దుకాణాల్లోని సరుకే. బ్రాక్ తండ్రి, తాత ఇళ్లకు రంగులు వేసి అలంకరించే వృత్తిలో ఉన్నవారు. బ్రాక్ కూడా మొదట ఆ పనే నేర్చుకున్నాడు. తడి రంగు మీద ఉక్కు దువ్వెన లాగి చెక్క గీతలు తెప్పించడం ఆయనకు చేతనైన విద్య. అంటే చిత్రకళ మన వృత్తి దగ్గరికి వచ్చి అప్పు తీసుకుంది. ఆ బాకీని మనం ఇంకా పూర్తిగా వసూలు చేసుకోలేదు.

నేను చెప్పే కొలాజ్ మీరు క్లయింటుకు చూపించే మూడ్ బోర్డు కాదు. మూడ్ బోర్డు ఒప్పించడానికి తయారవుతుంది. ఈ లామినేట్, ఈ పరదా గుడ్డ, ఈ రంగు అని తేల్చుకున్నాక వాటిని అందంగా పేర్చి చూపిస్తాం. అది కావలసిన పనే. కొలాజ్‌ను మాత్రం ఏమీ తేలకముందు చేయాలి. అందులో గది ఉండనక్కర్లేదు. ఎవరికీ చూపించనక్కర్లేదు. నేను చేసిన వందలాది కొలాజ్‌లలో క్లయింట్లు చూసినవి పదికి మించవు.

ఇది నాకు ఎందుకు అవసరమైందో చెబుతాను. పదిహేనేళ్ల కిందట ఒక ఇల్లు పూర్తిచేశాను. హాలులో నేల పాలరాయి, భోజనాల గదిలో నేల చెక్క. త్రీడీ చిత్రంలో రెండూ పాలూ నీళ్లలా కలిశాయి. తెర మీద గీతకు మందం ఉండదు. ఇంట్లో రాయి మందం వేరు, చెక్క మందం వేరు, కింద సిమెంటు మట్టం వేరు. రెండూ కలిసే చోట చిన్న ఎత్తుపల్లం తేలింది. దాన్ని కప్పడానికి ఇత్తడి పట్టీ వేయించాను. ఆ ఇంటి పెద్దావిడకు గడప దాటినప్పుడల్లా ఆ పట్టీ కాలికి తగిలేది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మాతో పనిచేసిన వడ్రంగి మాత్రం, “అమ్మా, రాయి బాగానే ఉంది, చెక్కా బాగానే ఉంది. కలిసే చోటును ఎవరూ చూసుకోలేదు” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మనం రాయిని ఎంచుకుంటాం, చెక్కను ఎంచుకుంటాం, గుడ్డను ఎంచుకుంటాం. వీటిలో ఏదీ మనం తయారుచేసింది కాదు. గనిలోదో, అడవిలోదో, మగ్గం మీదదో, కర్మాగారంలోదో తెచ్చి పక్కపక్కన పెడతాం. మనం నిజంగా తయారుచేసేది ఒక్కటే, ఒకటి ఆగి మరొకటి మొదలయ్యే చోటు. గోడ నేలను తాకే చోటు, పరదా నేలకు ఎంత ఎత్తులో ఆగుతుంది అన్నది, టైలు అంచు చెక్క అంచును ఎలా పలకరిస్తుంది అన్నది.

గద్వాల చీర చూడండి. నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగుకూ పట్టు పోగుకూ మందం వేరు, మెరుపు వేరు, సాగే గుణం వేరు. ఆ రెంటినీ మగ్గం మీదే కలిపి, కలిసిన చోటు చీర అందానికి ఆధారంగా నిలిపిన నేతగాళ్లు మన మధ్యే ఉన్నారు. పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతలు మన ఇళ్లలోనే ఉన్నాయి. అతుకు అనగానే లోటును దాచే పని అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ బొంతలో అతుకే నమూనా.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. చేతితో కొలాజ్ చేస్తే మొదట అర్థమయ్యేది, కాగితానికి కూడా చెక్కలాగే నార దిశ ఉంటుందని. ఒక వార్తాపత్రిక తీసుకుని నిలువుగా చించండి, తర్వాత అడ్డంగా చించండి. ఒక వైపు గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది. రెండో వైపు మీ మాట వినదు, వంకరలు పోతుంది. యంత్రం మీద కాగితం తయారవుతున్నప్పుడు నారలు ఎక్కువగా అది సాగే దిశలోనే పడుకుంటాయి, అందుకే ఈ తేడా. ఇది చేతికి ఒకసారి తెలిశాక, వెనీర్ అనే పలుచటి చెక్క పలక నిలువుగా వేయాలా అడ్డంగా వేయాలా అన్న ప్రశ్నను మీరు ఇదివరకటిలా తేలిగ్గా తీసుకోలేరు.

పైన మాత్రమే రంగు ఉన్న మందపాటి కాగితాన్ని చింపితే అంచు పొడవునా లోపలి తెలుపు బయటపడుతుంది. కత్తెరతో కోస్తే ఆ తెలుపు కనబడదు. చింపిన అంచు మెత్తగా పక్క రంగులోకి జారుతుంది, కోసిన అంచు తెగ్గొట్టి చెబుతుంది. గోడ రంగును పైకప్పు దాకా తీసుకెళ్లి అలాగే కలిపేయాలా, నాలుగు వేళ్ల కింద ఆపి గీత గీసినట్టు తేల్చాలా అన్నది కూడా అదే ప్రశ్న. మౌసు నొక్కితే జరిగే కోతలో ఈ తేడా ఉండదు. అక్కడ ప్రతి అంచూ ఒకేలా వస్తుంది, నచ్చకపోతే వెనక్కి పోతుంది. కాగితం కోస్తే కోసినట్టే. అందుకే కోసే ముందు చూస్తాం. ఆ చూసే క్షణం కోసమే నేను ఈ సాధన చేస్తున్నాను.

మూడేళ్ల కిందట ఒక చిన్న ఫ్లాటు పని వచ్చింది. పైకప్పు తక్కువ ఎత్తు, వసారా ఇరుకు. తెర ముందు రెండు వారాలు కూర్చున్నా ఆ ఇరుకు పోలేదు. ఒక ఉదయం ఆ పని మరిచిపోయి ఊరికే కొలాజ్ చేస్తున్నాను. శుభలేఖ వెనక నుంచి తీసిన ఇటుక రంగు అట్ట ముక్క తెల్ల కాగితం అడుగున పడి ఉంది. దాన్ని తీయబోయి ఆగాను. పైనున్న తెలుపు ఒక్కసారిగా ఎత్తుగా కనబడింది. సున్నం వేసిన గోడకు అడుగున ఎర్రమన్ను పట్టె తీర్చే మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది. ఆ వసారాకు అదే చేశాం. నేల నుంచి మూడడుగుల దాకా ఎర్రమన్ను రంగు, ఆపైన సున్నపు తెలుపు. ఆ ఇంటివాళ్లు తమ ఊరి పేరు చెప్పి, అక్కడి గోడలూ ఇలాగే ఉండేవన్నారు. ఆ ఆలోచన నేను వెతికితే దొరకలేదు. చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు వచ్చింది.

పెద్ద వాస్తుశిల్పులు కూడా ఈ దారిలో నడిచారు. మీస్ వాన్ డెర్ రోహె 1937లో అమెరికాలోని వయోమింగ్‌లో రీసర్ కుటుంబం కోసం ఒక ఇంటి ప్రణాళిక మొదలుపెట్టాడు. దాని కోసం ఆయన చేసిన కొలాజ్‌లలో ఒకటి చూసి తీరాలి. గదిని సూచించే గీతలు చాలా తక్కువ. గాజు అవతలి ప్రకృతికి ఒక ఫొటో, లోపల నిజమైన చెక్క వెనీర్ ముక్క, పాల్ క్లే చిత్రం అచ్చు ప్రతి నుంచి కత్తిరించిన భాగం. ఆ క్లే చిత్రం నిలువు తెరలా గదిని విడదీస్తుంది. ఆ ఇల్లు కట్టనే లేదు. అయినా అందులో కూర్చుంటే ఎలా ఉంటుందో మనకు తెలుస్తుంది. 1942లో ఆయనే ఒక విమాన కర్మాగారం లోపలి ఫొటో తీసుకుని, దాని మీద కాగితపు పలకలు అంటించి సంగీత సభామందిరాన్ని ఊహించాడు. ఉన్న చోటులోనే లేని చోటును చూడటం మన రోజువారీ పని. పాత ఫ్లాటులోకి అడుగుపెట్టిన ప్రతిసారీ మనం చేసేది అదే.

మన దేశంలో వినోద్ బిహారీ ముఖర్జీని తలచుకోకుండా ఈ మాట ముగించలేను. శాంతినికేతన్ గోడల మీద గొప్ప చిత్రాలు వేసిన ఆయనకు 1950లలో చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన రంగు కాగితాలు కత్తిరించి, అతికించి బొమ్మలు చేశాడు. కత్తెర ఎటు తిరిగిందో వేళ్లకు తెలుస్తుంది, కాగితం అంచు ఎక్కడుందో తడిమితే తెలుస్తుంది. కొలాజ్‌లో చేతికి ఎంత చూపు ఉందో ఆయన పని చూశాక నాకు అర్థమైంది.

ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ విషయం కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఆయన చేసింది నిజంగా ఒక గది. 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగాక ఆయన ఎక్కువ కాలం మంచంలోనో చక్రాల కుర్చీలోనో గడిపాడు. సహాయకులు కాగితాలకు రంగులు పూసి ఇస్తే ఆయన కత్తెరతో కోసేవాడు. 1952 వేసవిలో ఒకరోజు ఈతగాళ్లను చూద్దామని కాన్ పట్టణంలోని ఈత కొలనుకు వెళ్లాడు. ఎండకు తాళలేక తిరిగొచ్చి, నా కొలను నేనే చేసుకుంటానన్నాడు. నీస్‌లో ఆయన ఇంటి భోజనాల గది గోడలకు జనపనార గుడ్డ వేసి ఉండేది. దాని మీద, మనిషి తలకు కాస్త ఎత్తులో, గది చుట్టూ తెల్ల కాగితపు పట్టీ కొట్టించాడు. నీలం కాగితంలో ఈతగాళ్లను, నీటిని కోసి ఆ పట్టీ మీద పెట్టించాడు. కొన్ని ఆకారాలు పట్టీ హద్దు దాటి పైకీ కిందికీ దూకుతాయి.

ఆ గది ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. కాలక్రమంలో వెనకున్న జనపనార గుడ్డ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. నీలం మారకపోయినా గది బరువెక్కింది. అందుకే మ్యూజియం వాళ్లు ఏళ్ల తరబడి పనిచేసి, ఆ గుడ్డను మార్చి, 2014లో మళ్లీ ప్రదర్శించారు. వెనక గుడ్డ రంగు ఒక్కటి మారితే గది మొత్తం ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అయితే నేను ఆయన దగ్గర నేర్చుకున్నది గుండుసూదుల సంగతి. మతీస్ ఆకారాలను వెంటనే అంటించేవాడు కాదు. గుండుసూదులతో గోడకు గుచ్చించేవాడు. కుర్చీలోంచి చూస్తూ, కాస్త ఎడమకు, కాస్త పైకి అని జరిపించేవాడు. రోజుల తరబడి అవి అలా కదులుతూనే ఉండేవి. ఆ కాగితాల్లో సూది గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ముందు బల్లల మీద నా పెట్టెలోని కాగితాలు పరిచాను. శుభలేఖలు, పాత క్యాలెండర్లు, రంగుల కంపెనీల షేడ్ కార్డులు, చీరల పెట్టెల అట్టలు, పాత వార్తాపత్రికలు ఉన్నాయి. వార్తాపత్రిక వెలుతురుకు పసుపెక్కుతుంది, అది తెలిసే వాడండి. కత్తెరలు పన్నెండే ఉన్నాయి, పంచుకోండి. లేనివాళ్లు చేత్తో చింపండి. రెండేసి కాగితాలు తీసుకుని, అవి కలిసే చోటు తప్ప ఇంకేమీ ఆలోచించకుండా అరగంట జరుపుతూ ఉండండి. గుండుసూదుల డబ్బాలు కిటికీ పక్కన ఉన్నాయి. జిగురు సీసాలు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.